డెబ్బై మిల్లీ ఆంపియర్లు

డీఈ గారి లెక్కలో కరెంటు రెండే రకాలు: మీటరుకి తెలిసి పోయేది, తెలియకుండా పోయేది. విద్యుత్ బోర్డులో ఆయన సర్వీసంతా రెండో రకాన్ని పట్టుకోవడంతోనే గడిచింది. ఏ రైసుమిల్లు ఏ అర్ధరాత్రి లైను మీద కొక్కెం వేసిందో ట్రాన్స్‌ఫార్మరు రొద విని చెప్పేస్తారని అప్పట్లో పేరు. అలాంటి మనిషి రిటైరయ్యాక తన సొంత కారులో కరెంటు ఎటు పోతోందో తెలియక సంక్రాంతి నుంచి ఆషాఢం దాకా తిరిగారు. ఆటోనగర్‌లో అందరికీ నవ్వొచ్చేది గానీ, ఎదురుగా నవ్వే దమ్ము ఎవరికీ లేదు.

కారు 1964 నాటి మార్క్-2 అంబాసడర్. వాళ్ళ నాన్నగారు కొన్నది. 1489 సీసీ ఇంజను, దాని పక్కన గొట్టంలాంటి డైనమో, గోడకి బేకలైట్ మూత కింద కటౌటు, రెగ్యులేటరు. మొన్నటిదాకా అన్నీ పుట్టినప్పటివే. ఉత్తరపారాలో అంబాసడర్ల తయారీ 2014లో ఆగిపోయినప్పుడు ఆయన ఇంట్లో పొయ్యి వెలిగించలేదని చెప్పుకుంటారు. అది అబద్ధమే అయ్యుంటుంది, కానీ నమ్మేలాంటి అబద్ధం.

“డైనమో తీసేసి ఆల్టర్నేటరు పెట్టించండి సార్, సుఖపడతారు” అని చెప్పినవాళ్ళకి ఆయన జవాబొకటే: “మా నాన్న గుండె బాగా కొట్టుకోకపోతే ఇంకోడి గుండె తెచ్చి పెట్టించలేదు కదయ్యా.” ఆ సలహా ఇచ్చినవాళ్ళ తప్పూ లేదు. ఆల్టర్నేటరు అయితే ఇంజను నిదానంగా తిరుగుతున్నా బ్యాటరీకి ఎంతో కొంత ఇస్తూనే ఉంటుంది. డైనమో అలా కాదు, పరుగు అందుకుంటేనే ఇస్తుంది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగినంతసేపూ దాని చెయ్యి ఖాళీయే. పైగా రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపర్లు కలిపి వాడితే అది ఇచ్చే ఇరవై చిల్లర ఆంపియర్లలో మిగిలేది ఎంత?

జబ్బు లక్షణం చెప్పడానికి తేలికే. కారు ఇరవై రోజులు షెడ్డులో ఉంటే బ్యాటరీ దిగిపోతుంది. సెల్ఫ్ కొడితే ‘కిర్రు’మని మూలిగి ఊరుకుంటుంది. అప్పుడు ముందు బంపరు సందులోంచి హ్యాండిలు దూర్చి తిప్పాలి. డెబ్బై దాటిన మనిషి తిప్పే పని కాదది. పనిమనిషి మొగుడో, ఎదురింటి పిల్లాడో రావాలి. స్టార్టయిందంటే మాత్రం మంగళగిరి పానకాలస్వామి కొండ దాకా వెళ్ళి వచ్చేస్తుంది, దారిలో ఏ నలతా ఉండదు.

మెకానిక్కులు తలో చెయ్యీ వేశారు. మొదటివాడు డైనమోలో బొగ్గులు మార్చాడు. రెండోవాడు ఆర్మేచరుకి కొత్త వైండింగు చేయించాడు. మూడోవాడు రెగ్యులేటరు డబ్బా మొత్తం పీకేసి, ఎక్కడో స్క్రాపులో దొరికిందంటూ ఇంకోటి బిగించాడు. అది కూడా లాభం లేదనేసరికి బ్యాటరీయే పోయిందన్నారు. కొత్తది వేశారు. ఇరవై రోజులకి అదీ పడుకుంది. ప్రతివాడూ తనకి ముందు చేసినవాడు దొంగ అన్నాడు. డీఈ గారు బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టి, ట్యాగు కట్టి, పైన ‘ఛార్జింగ్ ఫాల్టు’ అని ఎర్ర సిరాతో రాసుకున్నారు.

ఆ ఫైలుతో సహా వచ్చి ఖాదర్ షాపు ముందు ఆగారు. నా స్కూటరు హారను పనికోసం నేనప్పటికే అక్కడ పాత బ్యాటరీ డొక్కు మీద కూర్చుని ఉన్నాను.

ఖాదర్ ఫైలు తెరవలేదు. “బిల్లులు నాకెందుకు సార్, బండి చూస్తే సరిపోయె” అని బానెట్ ఎత్తాడు. బొటనవేలితో ఫ్యాన్ బెల్టు నొక్కాడు. అరంగుళం దిగింది. బాగుంది. షాపులో ఉన్న బ్యాటరీ వైర్లు తగిలించి ఇంజను స్టార్టు చేయించాడు. ఆపించాడు. డైనమో వెనక రెండు టెర్మినళ్ళుంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెంటి వైర్లూ ఊడదీసి, ఆ రెండు టెర్మినళ్ళనీ చిన్న రాగి తీగతో కలిపాడు. ఆ తీగకీ బాడీకీ మధ్య సూది ఉన్న పాత వోల్టుమీటరు పెట్టాడు. కుర్రాణ్ణి మళ్ళీ స్టార్టు చేసి ఆక్సిలరేటరు మెల్లగా తొక్కమన్నాడు.

“చూస్తూ ఉండండి సార్. సూది అసలు లేవలేదనుకోండి, బొగ్గులు పట్టట్లేదని. అర వోల్టు, ఒక వోల్టు దగ్గర ఆగిందా, ఫీల్డు కాయిలు. నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచరు.”

సూది ఎక్కడా ఆగలేదు. సాఫీగా ఇరవైకి పోయింది. “చాలు చాలు, ఇంకా తొక్కకు, కాలిపోద్ది” అని కుర్రాణ్ణి కేకేసి ఖాదర్ తీగ తీసేశాడు. “డైనమో గుర్రంలా ఉంది సార్. దీనికి ఆర్మేచరు ఎవరు మార్చమన్నారో!”

డీఈ గారు ఫైలు మీద చెయ్యి వేసి ఊరుకున్నారు.

తర్వాత కటౌటు. వైర్లు మళ్ళీ బిగించి, మూత తీసి ఇంజను నడిపిస్తే పదమూడు వోల్టుల దగ్గరకొచ్చేసరికి లోపలి పాయింట్లు ‘టక్’మని అతుక్కున్నాయి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఆరింది. ఆ దీపం ఒక కొస డైనమో వైపు, రెండో కొస బ్యాటరీ వైపు ఉంటుంది. రెండు పక్కలా వోల్టులు సమానమయ్యేసరికి మధ్యలో దానికి పని ఉండదు, ఆరిపోతుంది. ఇంజను ఆపగానే పాయింట్లు విడిపోయాయి. అవి విడిపోకుండా అతుక్కునే ఉంటే మాత్రం బ్యాటరీ డైనమోనే మోటారులా తిప్పాలని చూస్తుంది, పొగలొచ్చేస్తాయి. ఇక్కడ ఆ గొడవ లేదు. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు దాటి ఉన్నాయి.

ఖాదర్ చేతులు తుడుచుకుని టీ చెప్పాడు. “మీ బండికి ఛార్జింగు జబ్బు లేదు సార్. సంపాదన బాగానే ఉంది. ఇంట్లో ఎవరో మీకు తెలీకుండా ఖర్చు పెట్టేస్తున్నారు.”

ఆ మాటకి డీఈ గారు నిటారుగా కూర్చున్నారు. మళ్ళీ డ్యూటీలోకి వచ్చినట్టున్నారు. “లీకేజీ అంటావ్!”

టీ వచ్చేలోపు ఆయన నోరు కొడుకు మీదకి మళ్ళింది. ఆయనకి ఒక్కడే కొడుకు. హైదరాబాద్ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు.

“అందరి పిల్లలూ రోజూ ఫోన్ చేసి ఎక్కడున్నావ్, ఎక్కడికెళ్ళావ్, ఏం తిన్నావ్ అని చంపుకు తింటారట. మా వాడు అలా కాదు. ఎక్కడున్నావని ఇంతవరకూ ఒక్కసారీ అడగలేదు. అంత నమ్మకం. కానీ చూడు, రక్తసంబంధం అంటారే, నేను కారు షెడ్డులో పెట్టి ఇంటి తాళం తీస్తుంటే ఫోన్ మోగుతుంది. ప్రతిసారీ! కొత్త బ్యాటరీ వేయించిన రోజైతే షాపులో పాతది ఇలా విప్పారో లేదో, అలా చేశాడు. మంచంమీద ఉన్నరోజు చెయ్యడు మరి. నేను కారు తీస్తే వాడికి అక్కడ ఎలాగో తెలిసిపోతుంది. దీన్నేమంటావ్?”

ఖాదర్ “అల్లా దయ సార్” అన్నాడు. వాడి కళ్ళు కారు మీదే ఉన్నాయి.

“పెట్టేముందు బండెలా ఉందని కూడా అడుగుతాడు. పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది ఇందులోనేగా. మొన్న సంక్రాంతికి వచ్చి, ‘నాన్నా, ఇవాళ వాటర్ సర్వీసు నేను చేయిస్తా’ అని పొద్దున తీసుకెళ్ళినవాడు మధ్యాహ్నం అన్నాలవేళకి తెచ్చాడు. అద్దంలా చేసి తెచ్చాడు. అంతకుముందే ఎవరో కోయంబత్తూరాయన పాత కార్లు కొనేవాడు వచ్చి ఆరు లక్షలిస్తానన్నాడు. నవ్వి కాఫీ ఇచ్చి పంపించేశాననుకో. ఆ మాట చెప్పినప్పుడు వాడి మొహం చూడాలి! వాడికి ఇదంటే ప్రాణం.”

టీ గ్లాసు పక్కన పెట్టి ఖాదర్ మల్టీమీటరు తీశాడు. మీటరు క్లిప్పుల్లో ఒకటి బ్యాటరీ ఎర్త్ పోస్టుకీ, రెండోది ఎర్త్ కేబులుకీ ముందే తగిలించి, ఆ తర్వాతే కేబులు టెర్మినల్ని మెల్లగా పైకి ఎత్తాడు. మధ్యలో కరెంటు రెప్పపాటు కూడా తెగకూడదట. కొత్త కార్లలో అయితే తెగితే ఏవేవో కంప్యూటర్లు తిక్కతిక్కగా చేస్తాయి. ఈ ముసలి బండికి ఆ బాధ లేకపోయినా చెయ్యి అలా అలవాటైపోయింది.

ఇంజను ఆపి ఉంది. తాళంచెవి డీఈ గారి జేబులో ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. రేడియో లేదు, గడియారం లేదు. మీటరు సున్నా చూపించాలి.

డెబ్బై చూపించింది. మిల్లీ ఆంపియర్లు.

“ఇంతేనా!” అన్నాను నేను.

డీఈ గారు నన్ను పురుగుని చూసినట్టు చూశారు. జేబులోంచి పెన్ను తీసి ఫైలు అట్ట మీదే లెక్క వేశారు. “డెబ్బై మిల్లీ, గంటకి. ఇరవైనాలుగు గంటలు. రోజుకి ఒకటీ పాయింట్ ఆరు ఎనిమిది ఆంపియర్ అవర్లు. ఇరవై రోజులకి ముప్ఫైమూడు పైచిలుకు. బ్యాటరీ అరవై. దానికి తోడు నేను నడిపే రెండు గంటల్లో డైనమో తిరిగి నింపేది అంతంతమాత్రం. సగం పైన ఖాళీ అయ్యాక సెల్ఫ్ ఎలా తిరుగుద్దయ్యా?” అని నాకు పాఠం చెప్పి, ఖాదర్ వైపు తిరిగి, “లోపలి లైటు వెలుగుతోందేమో?” అన్నారు.

“అది వెలిగితే అర ఆంపియరు దాకా చూపిస్తుంది సార్. కటౌటు అతుక్కుంటే పదులు. ఇది చిన్న దొంగ.”

ఆ కారులో ఉన్నవి రెండే ఫ్యూజులు. హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే లేదు. ఆ రోజుల్లో అంతే. ఖాదర్ ఒక ఫ్యూజు పీకాడు. డెబ్బై. రెండోదీ పీకాడు. డెబ్బై.

డీఈ గారు లేచి నిలబడ్డారు. పంచె ఎగ్గట్టి బానెట్లోకి వంగారు. కళ్ళలో మెరుపు. “ఫ్యూజులతో పనిలేకుండా తాగుతోంది. అంటే వాటికి ముందే ఎక్కడో తీసుకున్నాడు. మీటరుకి ముందు లైను కలుపుకున్నాడన్నమాట! వీడెవడో తెలిసినవాడేనయ్యా, పచ్చి దొంగ కాదు. రెగ్యులేటరు దగ్గర ఏ టెర్మినల్ చూడు.”

నిజమే, అక్కడే ఉంది. బ్యాటరీ కరెంటంతా వచ్చి పంపకమయ్యే టెర్మినల్ అది. గుడ్డ అల్లిక ఉన్న లావుపాటి గోధుమరంగు వైర్లు, అరవై ఏళ్ళ మట్టితో నల్లబడ్డవి, వాటి మధ్యలో సన్నటి ఎర్ర వైరొకటి. ప్లాస్టిక్‌ది. నిగనిగలాడుతోంది. పైన కొత్త ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. పాత వైర్ల వెనక నుంచి దాన్ని ఎంత జాగ్రత్తగా లాగారంటే, వెతికేవాడికి తప్ప కనపడదు.

ఖాదర్ దాన్ని వేలితో తడుముతూ వెళ్ళాడు. వైరు గోడలోని రబ్బరు బుష్ గుండా లోపలికి పోయింది. కుర్రాణ్ణి డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకోబెట్టి టార్చి ఇచ్చాడు. వాడు గ్లవ్‌బాక్సు వెనక చెయ్యి పెట్టి కాసేపు తడిమాడు.

“భాయ్, ఇక్కడేదో ఉంది. లైటు కొట్టుకుంటోంది, పచ్చది.”

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా. ఊగకుండా రెండు ప్లాస్టిక్ పట్టీలతో బిగించి ఉంది. ఖాదర్ వంగి చూశాడు. చూసి, డీఈ గారి మొహంలోకి చూడకుండా, “ఏదో పాత రిలే సార్, పనికిరానిది. తీసేస్తాను” అన్నాడు.

“రిలేకి లైటెందుకుంటుందయ్యా?” అన్నారు డీఈ గారు.

జవాబు లేదు.

“ఖాదరూ. నేను అబద్ధం చెప్పే మిల్లు గుమాస్తాల్ని ఎంతమందిని చూశాననుకున్నావ్?”

ఖాదర్ మెడ గోక్కున్నాడు. “జీపీఎస్ ట్రాకర్ సార్. లోపల సిమ్ము ఉంటుంది. బండి ఎక్కడుందో, ఎప్పుడు కదిలిందో, ఎక్కడ ఆగిందో సెల్లులో చూసుకోవచ్చు. ట్రావెల్స్ వాళ్ళు, లారీల వాళ్ళు డ్రైవర్లకి తెలీకుండా పెట్టించుకుంటారు. మేమూ బిగిస్తాం.”

షాపులో కంప్రెసరు ఒక్కటే మోగుతోంది. డీఈ గారు బంపరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. వాటర్ సర్వీసు, అన్నాలవేళ, ఇంటి తాళం తీస్తుంటే మోగే ఫోను, ఒక్కొక్కటే ఆయన మొహంలో లెక్క కుదురుతుండటం చూస్తూ నాకు చూపు ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. ఖాదర్ అవసరం లేకపోయినా స్క్రూడ్రైవరు తుడవటం మొదలుపెట్టాడు.

ఆశ్చర్యం, ఆయన నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత ఒళ్ళంతా కదిలేలా.

“వెధవ! నా దగ్గరే దొంగ కనెక్షను! నా కొడుకనిపించాడు. అడిగితే నేనెక్కడ ఒప్పుకోనోనని చెప్పకుండా పెట్టించాడు. పోయినేడు కళ్ళు తిరిగి బాత్‌రూములో పడ్డాను కదా, అప్పటినుంచి భయం వాడికి. ముసలాడు కారేసుకుని ఎక్కడ పడిపోతాడోనని. పైకి ఒక్క మాట అనడు. ఇదిగో, ఇలా చేస్తాడు.” కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. “మీరేమో తండ్రిమీద కాపలా పెట్టాడనుకుంటున్నారు కదూ? మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. కాపలా కాదయ్యా ఇది.”

మేమేం అనుకోలేదన్నాం ఇద్దరం ఒకేసారి.

“సరే, తీసెయ్. ఆ బ్యాటరీ ఎందుకు చావాలి? వాడికి నేనే చెప్తాను, నువ్వడిగితే గంటకోసారి ఫోన్ చేస్తాను కదరా అని.”

ఖాదర్ టెర్మినల్ దగ్గర ఎర్ర వైరు విప్పాడు. మీటరు మీద డెబ్బై పోయి సున్నా నిలిచింది. ఆ సున్నా కేసి డీఈ గారు తృప్తిగా చూసుకున్నారు. కుర్రాడు డబ్బా ఊడదీసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. పచ్చ లైటు ఇంకా కొట్టుకుంటోంది. లోపల బుల్లి బ్యాటరీ ఉంటుంది సార్, వైరు కోస్తే ఓనరు సెల్లుకి కబురు పంపించి గాని ఆరదు, అని ఖాదర్ చెప్తుండగానే డీఈ గారి ఫోను మోగింది.

ఆయన మొహం వెలిగిపోయింది. తెర మా వైపు తిప్పి కొడుకు ఫొటో చూపించారు. “చూశారా! రెండు నిమిషాలు కాలేదు. ఎంత కొట్టుకుపోతున్నాడో పాపం. వినండి మీరు కూడా” అని స్పీకరు నొక్కారు.

“నాన్నా!” అవతలి గొంతులో నిజంగానే కంగారుంది.

“భయపడకురా, నాకేం కాలేదు. నేను బాగానే...”

“అది కాదు నాన్నా, కారు! కారెక్కడుంది? ఆ కోయంబత్తూరాయనకి గాని ఇచ్చేశావా ఏంటి?”